యూ0100 వచ్చిందని ఈసీఎం మార్చేయకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం వాహనాల పేజీలో ఒక పాఠకుడి ప్రశ్నకు ఇచ్చిన జవాబు చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. తన కారు నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందని, స్కానర్ పెడితే యూ0100 అనే కోడ్ వచ్చిందని, ఏం చేయాలని ఆయన అడిగారు. ‘ఇంజిన్ కంప్యూటర్ పాడైంది, ఈసీఎం మార్పించుకోండి’ అని రెండు ముక్కల్లో జవాబిచ్చారు. ఆ జవాబు సరి కాదు. దాన్ని నమ్మి ఎవరైనా కొత్త ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్‌నే అలా అంటారు) కొంటే వేలకు వేలు పోతాయి, చాలాసార్లు జబ్బు అలాగే ఉంటుంది. దయచేసి సవరణ వేయండి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్ని. డైనమోలు, కటౌట్లు ఉన్న అంబాసిడర్ల దగ్గర పని నేర్చుకున్నాను. ఇప్పుడు నా షెడ్డుకు వచ్చే బళ్ళలో సగానికి పైగా కంప్యూటర్ల సమస్యతోనే వస్తున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపు ఇళ్ళను ముంచినప్పుడు నీళ్ళలో నిలిచిపోయిన కార్లు చాలా ఉన్నాయి. అవి ఎండి, సర్వీసై, మామూలుగా తిరిగి, నెలలు గడిచాక ఒక్కొక్కటిగా ఇదే కోడ్‌తో వస్తున్నాయి. అందుకే మీ జవాబు నాకు చిన్న విషయంగా అనిపించలేదు.

ముందు ఆ కోడ్ ఏం చెబుతుందో చూద్దాం. పీతో మొదలయ్యే కోడ్‌లు ఇంజిన్, గేర్‌బాక్స్‌వి. సీతో మొదలయ్యేవి బ్రేకులు, స్టీరింగ్ లాంటివాటివి. బీతో మొదలయ్యేవి ఎయిర్‌బ్యాగ్, తలుపులు, ఏసీ వంటి బాడీ వ్యవహారాలవి. యూ అంటే కంప్యూటర్ల మధ్య మాటలు తెగిపోయాయని. యూ0100కి అర్థం ఇంజిన్ కంప్యూటర్‌తో సంబంధం తెగిపోయిందని మాత్రమే. యూ0101 అయితే గేర్‌బాక్స్ కంప్యూటర్‌తో, యూ0121 అయితే ఏబీఎస్‌తో, అంటే బ్రేకుల కంప్యూటర్‌తో.

ఇక్కడ అందరూ దాటేసే విషయం ఒకటుంది. ఈ కోడ్ మామూలుగా ఇంజిన్ కంప్యూటర్‌లో ఉండదు. ఏబీఎస్‌లో ఉంటుంది, ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో ఉంటుంది, మీటర్ బోర్డులో ఉంటుంది. అంటే ఫిర్యాదు చేసేది మిగతావాళ్ళు. ఒక ఇంటి తలుపు కొడితే పలకడం లేదని పక్కింటివాళ్ళు చెప్పినంత మాత్రాన ఆ ఇంటాయన పోయాడని కాదు కదా. ఆ ఇంటికి కరెంటు పోయి కాలింగ్ బెల్ మోగకపోయి ఉండొచ్చు, దారిలోనే బెల్లు వైరు తెగి ఉండొచ్చు. ముందు వెళ్ళి చూడాలి. చూడకుండా ఇల్లు కూల్చి కొత్తది కట్టమనడం ఎంత తప్పో, చూడకుండా ఈసీఎం మార్చమనడం అంతే తప్పు.

ఈ కంప్యూటర్లన్నీ మాట్లాడుకునేది రెండే వైర్ల మీద. ఒకదానికొకటి మెలేసి ఉంటాయి. క్యాన్ హై, క్యాన్ లో అంటారు. బాష్ కంపెనీ తయారుచేసి 1986లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఇంజినీర్ల ముందు పెట్టిన పద్ధతి ఇది. అంతకుముందు ఒక్కో సమాచారానికి ఒక్కో వైరు లాగేవాళ్ళు. ఇప్పుడు బండి వేగం, ఇంజిన్ తిరిగే స్పీడు, కూలెంట్ వేడి, బ్రేకు తొక్కిన సంగతి అన్నీ ఈ రెండు వైర్ల మీదే సెకనుకు వందలసార్లు తిరుగుతుంటాయి. లైన్ రెండు చివర్లా ఒక్కొక్క 120 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. అందుకే బ్యాటరీ తీసేసి, స్టీరింగ్ కింద ఉండే స్కానర్ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే చాలా బళ్ళలో 60 ఓమ్‌లు చూపించాలి. 120 చూపిస్తే లైన్ ఎక్కడో తెగింది, లేదా ఒక చివర రెసిస్టెన్స్ లైన్‌లో లేదు. సున్నాకు దగ్గరగా ఉంటే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి. అదే సాకెట్‌లో 16 బ్యాటరీ ప్లస్, 4, 5 ఎర్త్, అంటే కరెంటు బండి బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్ళే దారి. ఇగ్నిషన్ ఆన్ చేసి చూస్తే క్యాన్ హై రెండున్నర వోల్టులకు కాస్త పైన, క్యాన్ లో కాస్త కింద ఉండాలి. ఏదైనా 12 వోల్టులో, సున్నానో చూపిస్తే వైరు వేరేచోట తగిలిందని తేలిపోయినట్టే. వైరింగ్ డయాగ్రామ్ లేకపోయినా ఇంతవరకు ఎవరైనా చూడొచ్చు.

ఒక బండి సంగతి చెబుతాను. సింగ్‌నగర్‌లో ఉండే రిటైర్డ్ టీచరు గారిది, డీజిల్ హ్యాచ్‌బ్యాక్. వరదప్పుడు నీళ్ళు లోపల కార్పెట్ దాకా వచ్చాయి, సీట్ల దాకా రాలేదు. ఇన్సూరెన్స్ కింద వర్క్‌షాపులో కడిగి ఆరబెట్టి ఇచ్చారు. బాగానే తిరిగింది. తర్వాత వేసవిలో ఒకరోజు నున్న రోడ్డులో వెళ్తుండగా మీటర్‌లో లైట్లన్నీ ఒక్కసారి వెలిగి, ఆర్‌పీఎం ముల్లు కింద పడి, ఇంజిన్ ఆగిపోయింది. వెనక లారీ ఉంది. పక్కన మేడమ్ గారు ఉన్నారు. ఆ టెన్షన్ ఆయన నాకు చెబుతున్నప్పుడు కూడా ముఖంలో కనిపించింది. పది నిమిషాలాగి సెల్ఫ్ కొడితే స్టార్టయింది. తర్వాత ఇష్టం వచ్చినప్పుడు ఆగిపోవడం మొదలుపెట్టింది. వర్క్‌షాపులో స్కాన్ చేస్తే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, మీటర్ మూడింటిలో యూ0100. ఈసీఎం మార్చాలి, తాళానికి కలిపి కోడింగ్ చేయాలి, అరవై వేలు దాటుతుంది అని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఏం కొలిచి ఈ మాట చెప్పారో అందులో ఒక్క ముక్క లేదు.

నా దగ్గరికి వచ్చాక ముందు బ్యాటరీ చూశాను. నిలకడగా పన్నెండున్నర, సెల్ఫ్ కొట్టేటప్పుడు పది దాటే ఉంది. ఇది ఎందుకు ముందంటే, బ్యాటరీ డల్ అయ్యి సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ బాగా పడిపోతే కంప్యూటర్లు ఒక్క క్షణం ఆగి లేస్తాయి. ఆ క్షణంలోనే ఒకదానిమీద ఒకటి యూ కోడ్‌లు రాసేసుకుంటాయి. అలాంటి పాత కోడ్ చూసి ఈసీఎం మార్చినవాళ్ళు ఉన్నారు. కోడ్ చెరిపేసి, మళ్ళీ వస్తుందో లేదో చూడటం మొదటి పని.

తర్వాత క్యాన్ లైన్. 60 ఓమ్‌లు, సరిగ్గా ఉంది. ఈసీఎం కప్లర్ (వైర్లన్నీ దానికి తగిలించే ప్లగ్గు) ఊడదీసి దాని రెండు క్యాన్ పిన్నుల నుంచి స్కానర్ సాకెట్ దాకా కంటిన్యుటీ, అంటే వైరు తెగకుండా ఉందో లేదో కూడా చూశాను, బాగుంది. సాకెట్ దగ్గర 60 వచ్చినంత మాత్రాన ఈసీఎం దాకా వైరు బాగుందని అనుకోకూడదు. కొన్ని బళ్ళలో చివరి రెసిస్టెన్స్‌లు వేరేచోట ఉంటాయి, లైన్ నుంచి ఈసీఎంకు వెళ్ళే కొమ్మ వైరు తెగినా సాకెట్‌లో 60 చూపిస్తుంది.

ఇక కరెంటు. అదే కప్లర్‌లో సప్లై పిన్నుకు, ఎర్త్ పిన్నుకు మధ్య మల్టీమీటర్ పెడితే 12.4 వోల్టులు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కరెంటు ఉంది, ఎర్త్ ఉంది, లైన్ ఉంది, కాబట్టి ఈసీఎం పోయింది అంటారు. కానీ మల్టీమీటర్ లాగే కరెంటు ఏమీ ఉండదు. వైరు మొత్తం తెగి ఒక్క పోగు మిగిలినా, బోల్టు కింద తుప్పు పట్టి ఆనీ ఆననట్టు ఉన్నా అది 12 వోల్టులే చూపిస్తుంది. ఈసీఎం పనిలోకి దిగి కరెంటు లాగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. అందుకని మా షెడ్డులో ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు కట్టి ఉంచుతాం. ఒక చివర సప్లై పిన్నుకు, రెండో చివర బాడీకి పెడితే బల్బు ఫుల్లుగా వెలిగింది. ఒక చివర బ్యాటరీ ప్లస్‌కు పెట్టి రెండోది ఈసీఎం ఎర్త్ పిన్నుకు పెడితే ఎర్రగా మిణుకుమంది. అంతే, ఎర్త్ లేదు.

ఆ బండిలో ఈసీఎం గ్లోవ్ బాక్స్ వెనక, నీళ్ళకు అందని ఎత్తులో ఉంటుంది. దాని ఎర్త్ మాత్రం కిందకు దిగి, ఎడమ తలుపు పక్కన కార్పెట్ అంచు దగ్గర బాడీకి బోల్టుతో బిగించి ఉంటుంది. కార్పెట్ ఎత్తితే ఆ బోల్టు చుట్టూ తుప్పు, లగ్గు (వైరు చివర బోల్టుకు తగిలించే లోహపు ముక్క) మీద పచ్చగా చిలుము. వైరు తొడుగు కోసి చూస్తే జానెడు దూరం లోపల రాగి నల్లబడి ఉంది, వరద నీరు పోగుల మధ్య నుంచి పైకి పాకింది. అంత మేర కోసేసి కొత్త వైరు అతికి, కొత్త లగ్గు వేసి, బాడీ గీకి మెరిసేదాకా తెచ్చి, బిగించి పైన గ్రీజు పూశాం. అదే వరసలో ఉన్న మిగతా ఎర్త్ బోల్టులు కూడా విప్పి శుభ్రం చేశాం. బల్బు తెల్లగా వెలిగింది. సామాన్లకు అయిన ఖర్చు వందల్లోనే. ఆయన ఆ బండిలో ఇప్పుడు తిరుపతి కూడా వెళ్ళొచ్చారు.

ఈ బల్బు పరీక్ష చేయాలనుకునే కుర్రాళ్ళకు ఒక జాగ్రత్త. బల్బు సప్లై పిన్నులకు, ఎర్త్ పిన్నులకు మాత్రమే, అదీ కప్లర్ ఈసీఎం నుంచి ఊడదీశాకే. క్యాన్ వైర్లకు, సెన్సార్ వైర్లకు బల్బు పెడితే మంచిగా ఉన్న కంప్యూటర్లు మీ చేతుల్లోనే పోతాయి. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి అసలు వెళ్ళొద్దు. కప్లర్ పిన్నుల్లో సూది, సేఫ్టీ పిన్ను గుచ్చకండి. లోపలి పిన్ను వెడల్పై వదులైపోతుంది, లేని జబ్బు కొత్తగా వస్తుంది. అదే సైజు పిన్ను పాత వైరింగ్‌లోంచి తీసి వాడుకోవాలి.

వరద బళ్ళే కాదు. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో రోజుల తరబడి కదలకుండా ఉండే కార్లలో ఎలుకలు దూరి వైర్లు కొరుకుతాయి. అప్పుడు సాకెట్‌లో 120 కనిపించొచ్చు, బానెట్ ఎత్తితే ఎలుక పెంటికలూ కనిపిస్తాయి. కొత్త మ్యూజిక్ సిస్టమ్, రివర్స్ కెమెరా, ట్రాకర్ పెట్టించుకున్నప్పుడు వైర్లు కోసి టేపు చుట్టి వదిలేస్తే ఆ అతుకు వదులై ఇదే కోడ్ వస్తుంది. బండిలో బయట వేయించినవి ఏమున్నా ముందు అవి విడదీసి చూడాలి. ఒక్కోసారి వేరే యూనిట్ ఒకటి పాడై లైన్ మొత్తాన్ని కిందకు లాగేస్తుంది. ఒక్కొక్క యూనిట్ కప్లర్ తీస్తూ పోతే, ఎక్కడ లైన్ మామూలైతే దొంగ అక్కడ దొరుకుతాడు. ఇది ఓపిక పని, గంటలు పడుతుంది. ఆ గంటలకు డబ్బులివ్వడానికి బండి యజమానులు వెనకాడకూడదని నా మనవి. ‘ఏమీ మార్చలేదుగా, అంత ఎందుకు’ అని బేరమాడితే, రేపు ఏ మెకానిక్ అయినా వెతకడం మానేసి వస్తువు మార్చడమే మొదలుపెడతాడు.

ఆన్‌లైన్‌లో చవకగా దొరికే బ్లూటూత్ రీడర్లు కొని ఇంట్లోనే చూసుకునేవాళ్ళు ఎక్కువయ్యారు, మంచిదే. కానీ చవక రకాల్లో చాలావరకు ఇంజిన్ కంప్యూటర్‌తోనే మాట్లాడతాయి. అది పలకనప్పుడు ‘కనెక్ట్ కాలేదు’ అని ఊరుకుంటాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, మీటర్ అన్నీ చదివే స్కానర్ పెట్టాలి. ఎవరెవరు పలుకుతున్నారు, ఎవరు పలకడం లేదు అనే పట్టిక చేతికొస్తే సగం పని అయినట్టే. ఇంజిన్ కంప్యూటర్ ఒక్కటే పలకకపోతే దాని ఫ్యూజు, దానికి కరెంటు అందించే స్విచ్చి లాంటి మెయిన్ రిలే, ఎర్త్, దాని కొమ్మ వైరు చూడాలి. ఎవరూ పలకకపోతే లైన్ చూడాలి. కొందరే పలుకుతుంటే ఆ రెండు గుంపుల మధ్య ఉన్న కప్లర్ చూడాలి.

ఈసీఎం ఎప్పుడూ పోదని నేను అనడం లేదు. వరదలో మునిగిన కొన్ని ఈసీఎంలు విప్పితే లోపల బోర్డు మీద చిలుము కళ్ళారా చూశాను. సప్లై పిన్నులన్నింటి మీద, ఎర్త్ పిన్నులన్నింటి మీద బల్బు ఫుల్లుగా వెలిగి, దాని కప్లర్ దాకా క్యాన్ వైర్లు రెండూ సరిగ్గా ఉండి, బయటివన్నీ విడదీశాక కూడా అది పలకకపోతే, అప్పుడు మార్చమనండి. నేను కూడా అదే చెబుతాను. కానీ ఆ కొలతలన్నీ కాగితం మీద రాసి, వాటి కింద ఈసీఎం అని రాయాలి. ఎస్టిమేట్ ఇచ్చేవాళ్ళను ఈ నాలుగు అంకెలు అడగమని మీ పాఠకులకు చెప్పండి: బ్యాటరీ వోల్టేజ్ ఎంత, 6, 14 మధ్య ఓమ్‌లు ఎంత, లోడ్ మీద (బల్బు లాంటిది కరెంటు లాగుతుండగా) సప్లై ఎంత, లోడ్ మీద ఎర్త్ డ్రాప్ (ఎర్త్ దారిలో పోయే వోల్టులు) ఎంత. అడిగితే ఎవరూ తప్పుగా అనుకోకూడదు. డాక్టరు ఆపరేషన్ అన్నప్పుడు రిపోర్టు అడుగుతాం, ఇక్కడా అడగాలి.

వర్క్‌షాపు కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు. ముందు కరెంటు, ఎర్త్ చూడమని కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లోనే ఉంటుంది. బండికి ఇంత టైమ్ అని పెట్టి తరుముతుంటే కార్పెట్ ఎత్తే తీరిక వాళ్ళకు ఉండదు. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు రెండేళ్ళు చదివి నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఇంజిన్ విప్పడం వస్తుంది, క్యాన్ లైన్ మీద మీటర్ పెట్టడం రాదు. ఇది నేర్పడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. రెండు మెలేసిన వైర్లు, రెండు 120 ఓమ్‌ల రెసిస్టెన్స్‌లు, పాత బండిలోంచి తీసిన మీటరు, ఏబీఎస్ యూనిట్, ఈసీఎం ఒక చెక్క మీద బిగిస్తే చాలు. ఏ ఐటీఐ ప్రిన్సిపాల్ గారైనా అడిగితే ఆ బోర్డు ఆటోనగర్‌లో మేమే చేసి ఇస్తాం.

చివరి సంగతి, డయాగ్రామ్‌ల గురించి. ఆ టీచరు గారి బండిలో ఎర్త్ బోల్టు ఎక్కడుందో వైరు పట్టుకుని తడుముకుంటూ వెళ్ళి కనుక్కున్నాం. వైరింగ్ డయాగ్రామ్ ఉంటే ఐదు నిమిషాల పని. మాకు దొరికేవి వాట్సాప్‌లో చేతులు మారిన ఫొటోలు. చాలాసార్లు వేరే మోడల్‌వి, వైరు రంగులు కలవవు. 2014 ఆగస్టులో మార్కెట్లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సమాచారం, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారన్నది అందులో ప్రధాన విషయం. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అందులో ఆటోమొబైల్స్ కూడా ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరులో రిపేరు హక్కు కోసం పోర్టల్ తెరిచారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను డబ్బు కట్టి కొనుక్కుంటానన్నా నా ఊళ్ళో నా చేతికి చాలా మోడళ్ళ డయాగ్రామ్ రావడం లేదు. ఊరికే ఇవ్వమనడం లేదు. న్యాయమైన ధర పెట్టి, బండి అమ్మిన రోజు నుంచి ఎవరికైనా అమ్మమంటున్నాం. బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చిన 2020 తర్వాత బళ్ళలో కంప్యూటర్ల మీద ఆధారం ఇంకా పెరిగింది. వారంటీ అయిపోయాక ఈ బళ్ళన్నీ మా దగ్గరికే వస్తాయి. మీ పత్రిక ఈ విషయం మీద కంపెనీలను, అధికారులను అడిగి ఒక కథనం వేస్తే నాలాంటివాళ్ళకు, మా దగ్గరికి వచ్చేవాళ్ళకు ఎంతో మేలు.

ప్రశ్న అడిగిన ఆ పాఠకుడు ఇంకా ఈసీఎం ఆర్డరు పెట్టి ఉండకపోతే, ముందు బ్యాటరీ, తర్వాత ఎర్త్ బోల్టులు చూపించుకోమని వచ్చే ఆదివారమే రాయండి. వరద ప్రాంతాల్లో కార్లున్నవాళ్ళు, ఇప్పుడు బండి బాగానే తిరుగుతున్నా, ఈసారి వానలు పడకముందే రెండు వైపులా కార్పెట్ ఎత్తించి ఎర్త్ బోల్టులు, నేల మీది కప్లర్లు చూపించుకోవాలని కూడా ఆ పక్కనే వేయండి.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
ఆటోనగర్, విజయవాడ